జరీ పరదా, మూడో భాగం

దబీర్‌పురా, హైదరాబాదు
14 జూన్ 1938

చిరంజీవి నాగమణికి అక్క దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం. వైకుంఠం దుకాణం చూసుకుంటున్నాడు, కోడలికి జ్వరం తగ్గింది. నువ్వూ, మరిదిగారూ, పిల్లలూ బెజవాడ ఎండల్లో ఎలా ఉన్నారో రాయి.

నువ్వు పంపిన ఆవకాయ, నవల రెండూ అందాయి. జాడీ మూతి సరిగా కట్టలేదు కాబోలు, పుస్తకం అట్ట మీద నూనె మరక పడింది. చదివాక తెలిసింది, మొత్తం పుస్తకంలో నిజమైనది ఆ మరక ఒక్కటే.

ఎవడమ్మా ఈ 'జరీ పరదా' రాసిన మహానుభావుడు? నూరేళ్ళ కిందటి హైదరాబాదు నవాబుల కథ అన్నాడు. వాడు నవాబులుండే దేవిడీ గోడైనా చూసిన పాపాన పోలేదు. ఆ షిరీన్ బేగం ఖడా దుపట్టా కట్టుకుని మేడమెట్లు మూడేసి చొప్పున దూకుతుందట. ఆరు గజాల గుడ్డ అది. రెండో మెట్టు మీదే ముక్కు పగులుతుంది. ఆమె తొట్టెడు అత్తరుతో స్నానం చేస్తుందట. నేను చూసిన బేగంలు చిటికెడు దూదిని అత్తరులో ముంచి చెవిలో పెట్టుకుంటారు, అదీ పండగలకు. మస్లిన్ ధగధగ మెరిసిందట. మస్లిన్ మెరిస్తే నేను ఈ వ్యాపారం మానేస్తాను. ఇక ఆ దిల్‌దార్ నవాబు వెన్నెల కాసిన ప్రతి రాత్రీ మల్లెపూలతో పేనిన తాడు పట్టుకుని భార్య మేడ ఎక్కుతాడు. సొంత ఇంట్లో మెట్లు లేవా? పేజీకి రెండు కౌగిలింతలు. ఛీ, చదువుతుంటే ఒళ్ళు జిడ్డుగా అయినట్టుంది. రెండుసార్లు చేతులు కడుక్కున్నాను.

ఇరవై రెండేళ్ళుగా ఆ ఇళ్ళలోకి చీరల మూట పట్టుకుని పోతున్నదాన్ని. జనానాలోకి మగ వ్యాపారికి ప్రవేశం లేదు కాబట్టే మా అత్తగారు పోయేది, తర్వాత నేను. నాకా ఇలాంటి కథలు చెప్పేది?

రెండో భాగం వచ్చిందా? వస్తే పంపు. ఈ రోత ఎక్కడిదాకా పోతుందో చూడాలి.

నీ అక్క
లక్ష్మీకాంతమ్మ


బెజవాడ
1 జూలై 1938

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉత్తరం వస్తే భోజనాలయ్యాక అందరి ముందూ పైకి చదవడం ఈ ఇంటి ఆనవాయితీ. మామగారికి కళ్ళు కనపడవు, అత్తగారికి చదువు రాదు. కాబట్టి ఎవరి ఉత్తరమైనా అందరిదీ. నేను గొంతు సవరించుకుని హాయిగా మొదలుపెట్టాను. 'ఎవడమ్మా ఈ మహానుభావుడు' దగ్గరికి వచ్చేసరికి మా మరిది సోమశేఖరం తలవంచుకున్నాడు.

ఆ మహానుభావుడు వాడే. మారుపేరు పెట్టుకున్నాడు. నీకు చెప్పకుండా పంపితే, నువ్వు మెచ్చుకున్నాక చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. నా పెళ్ళిలో నీ కొంగు పట్టుకుని లడ్డూలు అడిగాడే, ఆ సోమశేఖరం. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళవాడు. మధ్యలో ఆపుదామంటే మామగారు, "చదువమ్మా, వాడికి బుద్ధి రావాలి" అన్నారు. మల్లెపూల తాడు దగ్గర ఇల్లంతా గొల్లుమంది.

వాడు మాత్రం కోపం తెచ్చుకోలేదు. "పెద్ద వదినగారికి తెలిసినంత ఈ దేశంలో ఏ రచయితకీ తెలియదు, ఇంకా రాయమనండి" అన్నాడు. ఖడా దుపట్టా సంగతి కాగితం మీద రాసుకున్నాడు కూడా. రెండో భాగం పంపుతున్నాను. కొంచెం మెత్తగా తిట్టు.

నీ చెల్లెలు
నాగమణమ్మ


దబీర్‌పురా
18 జూలై 1938

చిరంజీవి నాగమణికి,

ఇంటివాడని తెలిశాక మెత్తబడతాననుకున్నావేమో. పరాయివాడిని తిట్టాలంటే కాస్త మొహమాటం ఉంటుంది. సోమశేఖరానికి నా దీవెనలు చెప్పి, ఆ తర్వాత చెవి మెలిపెట్టు. రెండో భాగం మొదటిదానికన్నా కంపు. ఇందులో నవాబు భార్య కాలిముల్లు పళ్ళతో తీస్తాడు.

ఇప్పుడు నా తల మీద పడిన తద్దినం విను. కోడలి కంట పడకూడదని మొదటి భాగాన్ని అప్పుడే చీరల దొంతర కింద దాచాను. మూట మోసే బాలమ్మకు అది తెలియదు. మూట కట్టేటప్పుడు చీరలతో పాటు దాన్నీ కట్టింది. పెద్ద దేవిడీలో మూట విప్పితే ఇంటి పెద్దావిడ బేగం పాషా ముందు ధబ్బుమని పడింది. అట్ట మీద పరదా చాటున ఆడబొమ్మ. ఆ ఇంటి కోడలు చేతిలోకి తీసుకుని, ఇదేమిటని అడిగింది.

ఆమెను దుల్హన్ పాషా అంటారు. పెళ్ళై పన్నెండేళ్ళయింది. దేవిడీల్లో కోడలికి జుట్టు నెరిసినా పెళ్ళికూతురనే పేరు. ఈమెకు ముప్ఫై ఉంటాయేమో. మాట తక్కువ, గుడ్డ మీద చూపు మాత్రం ఘనం. నేను అబద్ధమాడలేక, ఇది తెలుగు కథ, మీవంటి ఇంటి సంగతని రాశాడు, అంతా చెత్త అని చెప్పాను. వాళ్ళు ఉర్దూలో అన్నది నీకు మా ఇంటి మాటల్లో రాస్తున్నాను. "చెత్తయితే ఇంత జాగ్రత్తగ చీరల నడుమ ఎందుకు పెట్టుకున్నవ్? చదువు, మేం గూడ ఇంటం" అంది దుల్హన్ పాషా. బేగం పాషా పాన్ బుగ్గన పెట్టుకుని, "చదువు బాయీ, ఎట్లాగూ పొద్దు పోతలేదు" అంది.

అప్పటినుంచి ప్రతి బేస్తవారం చీరలు చూడడం అయ్యాక నేను పుస్తకం తెరవాలి. తెలుగు చదివి ఉర్దూలో చెప్పాలి. అత్త, కోడలు, విడాకులై వచ్చిన ఆడపడుచు, నలుగురు దాసీలు చుట్టూ కూర్చుంటారు. కౌగిలింతలు వస్తే రెండు వాక్యాలు మింగేస్తాను. మింగినట్టు దుల్హన్ పాషా కనిపెట్టి, "దాటబెట్టకు" అంటుంది. ఇంత వయసు వచ్చి, తెల్లచీర కట్టుకుని, పరాయి ఇంట్లో కూర్చుని మల్లెపూల తాడు గురించి చెప్తున్నాను. నా నోరు నాకే ఎంగిలి అనిపిస్తున్నది. వాళ్ళకు మాత్రం మస్తు ఇష్టం. నిజమైన దేవిడీలో ఉంటూ ఈ అబద్ధపు దేవిడీ కోసం వారమంతా ఎదురుచూస్తారు. అదేం విడ్డూరమో నాకు అర్థం కాలేదు.

నీ అక్క


బెజవాడ
30 జూలై 1938

అక్కకు,

నీ ఉత్తరం విని సోమశేఖరం గాల్లో తేలుతున్నాడు. నవాబుల ఇంట్లో నవాబుల నవల చదివించుకున్న రచయిత ఆంధ్రదేశంలో ఇంకెవరున్నారని ఊరంతా చెప్పుకొస్తున్నాడు. వాళ్ళకు నచ్చిందంటే మరి నిజమున్నట్టే కదా అని వాడి వాదన.

నాకూ ఒక మాట అనాలనిపిస్తున్నది, కోపం తెచ్చుకోకు. నువ్వు చూసేది మూట విప్పినంతసేపు. ఆ గడప లోపల మొగుడూ పెళ్ళాల మధ్య ఏముందో నీకేం తెలుసు? బావగారు పోయి పదేళ్ళయింది. ప్రేమ అనే మాట కనపడితే చాలు, నీకు చీదర. దిల్‌దార్ నవాబులాంటివాడు లోకంలో ఒక్కడైనా ఉండడా? వెన్నెల్లో భార్య దగ్గరికి వస్తే తప్పేమిటి?

మూడో భాగం అచ్చు మొదలైంది. చివరి ప్రకరణాలు వాడింకా రాస్తూనే ఉన్నాడు.

నాగమణి


దబీర్‌పురా
9 ఆగస్టు 1938

నాగమణికి,

నాకేం తెలుసు అన్నావు. బావగారి ఊసు కూడా ఎత్తావు. నీ నోటికి ఇప్పుడు బెజవాడ కారం బాగా పట్టింది. సరే, నవాబులు వెన్నెల్లో వస్తారా అని కదా అడిగింది. విను.

ఆ పెద్ద దేవిడీలో ఒక పద్ధతి ఉంది. రంజాన్ పండగకు పది రోజుల ముందు భర్త షేర్వానీకి భార్యే గుడ్డ ఎంచాలి. అత్త, ఆడపడుచు, దాసీలు అందరి ముందూ ఎంచాలి. నేను ఔరంగాబాదులో పట్టూ నూలూ కలిపి నేసే హిమ్రూలు నాలుగైదు రకాలు పరుస్తాను. దుల్హన్ పాషా ఒక్కొక్కటీ వెలుతురులో పెట్టి చూస్తుంది, అంచు నలిపి చూస్తుంది, ఆయన ఒంటిరంగుకు ఇది నప్పుతుందా అని అత్తను అడుగుతుంది. మొదటి ఏడు ఊదారంగు తీసుకుంది. ఆ ఏడే ఆమె భర్త నవాబు సాబ్ హుసేన్‌సాగర్ గట్టు దగ్గర బంగళాలో ఇంకొకామెతో కాపురం పెట్టాడు. ఆ తర్వాత ఈ గడప తొక్కలేదు. తల్లిని చూడాలనుకుంటే మోటారు పంపించి అక్కడికే పిలిపించుకుంటాడు.

పండగ అయిన నలభై రోజులకు నేను మళ్ళీ పోయాను. అందరూ లేచిపోయాక దుల్హన్ పాషా పాత దుప్పటిలో చుట్టిన ఒక పొట్లం నా మూటలో అడుగున పెట్టి, "దర్జీకి నచ్చలేదట" అంది. చూస్తే ఊదారంగు హిమ్రూ. మడత కూడా విప్పలేదు. మరుసటి ఏడు మళ్ళీ అందరి ముందూ ఎంచింది. మళ్ళీ నలభై రోజులకు పొట్లం నా మూటలోకి వచ్చింది. రెండో ఏటి నుంచి ఆమె ఏ సాకూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇది పదకొండేళ్ళుగా జరుగుతున్నది. గుడ్డ ఆయనకు పంపానని అత్తతో చెప్తుంది. అత్త నమ్ముతుందో, నమ్మినట్టు ఉంటుందో దేవుడికి తెలియాలి. ఆ ఇంట్లో కోడలిగా ఆమెకు మిగిలిన మర్యాద పండగ ముందు అందరి ఎదుటా ఆ గుడ్డ ఎంచడమే.

నేనేం తక్కువ తిన్నానా? ఆ తిరిగొచ్చిన గుడ్డను మరో దేవిడీలో కొత్తదని చూపిస్తాను. ఆ పని చేసిన రోజు నాకు అన్నం సహించదు. ఇదమ్మా నవాబుల ప్రేమ. మీ మరిది మల్లెపూల తాడు చదివితే నాకు ఎందుకు చేతులు కడుక్కోవాలనిపిస్తుందో ఇప్పుడైనా అర్థమైందా?

కోడలు నెల తప్పింది. వైకుంఠం నేల మీద నడవడం లేదు. బాలమ్మకు మోకాళ్ళ నొప్పి, మూట సగం నేనే మోస్తున్నాను.

పైన రాసిన సంగతి నీకొక్కదానికే. కడుపులో పెట్టుకో. మొదటి రోజు దేవిడీకి తీసుకుపోతూ మా అత్తగారు నాతో, "లోపట చూసింది లోపట్నే ఇడ్సి రావాలె బిడ్డా. చెప్పులు తొడుక్కునేటప్పుడు నోరు గూడ కట్టుకో" అంది. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి నోరు విప్పడం.

నీ అక్క


బెజవాడ
28 సెప్టెంబరు 1938

అక్కకు వేల నమస్కారాలు.

మూడో భాగం అచ్చయి వచ్చింది, మొట్టమొదటి ప్రతి నీకే. ఇక నువ్వు చేతులు కడుక్కోనక్కర్లేదు. ఇందులో అత్తరు స్నానాలు లేవు, తాళ్ళు లేవు. పన్నెండో ప్రకరణం చూడు. మా అత్తగారు మూడుసార్లు చదివించుకుని మూడుసార్లూ కొంగు తడిపింది. గొప్పగా వచ్చిందని ప్రెస్సువాళ్ళు కూడా అన్నారట.

కడుపులో పెట్టుకోమన్న మాట నువ్వు ఉత్తరం చివర రాశావు. నేను పైనుంచి చదువుకుంటూ వచ్చాను. ఆ మాట దాకా వచ్చేసరికి అందరూ వినేశారు. సోమశేఖరం చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి అలాగే కూర్చున్నాడు. ఆ వారమంతా గది తలుపు వేసుకుని రాశాడు. "పెద్ద వదినగారు నా కళ్ళు తెరిపించారు" అన్నాడు. మన ఇంటి పిల్లవాడు నీ మాట విని బాగుపడ్డాడు, ఇంకేం కావాలి?

నువ్వు సంతోషిస్తావని ఎదురుచూస్తూ,

నాగమణి


దబీర్‌పురా
4 అక్టోబరు 1938

నాగమణీ,

దీవెనలు రాయబుద్ధి కావడం లేదు.

పన్నెండో ప్రకరణం చదివాను. హిమ్రూ ఉంది. ఊదారంగు ఉంది. నలభై రోజులు ఉన్నాయి. పాత దుప్పటి ఉంది. "దర్జీకి నచ్చలేదట" అన్న మాట అక్షరం పొల్లుపోకుండా ఉంది. మూట తెచ్చే ఆడమనిషి కూడా ఉంది. ఆమెను లోభి అని, ముసలి గద్ద అని రాశాడు. అది నేనే కాబట్టి దానికి నాకు బాధ లేదు.

కడుపులో పెట్టుకోమన్న మాట ఉత్తరం చివర రాశానంటావా? ఉత్తరం ముందు నువ్వొక్కదానివే చదువుకుని, తర్వాత పైకి చదవాలని ఇన్నేళ్ళ సంసారంలో తోచలేదా? నిన్ను అని ఏం లాభం? రాసిన చెయ్యి నాది. ఒక పనికిరాని నవల మీద రోత పుట్టి, నువ్వన్న ఒక మాట పొడుచుకుని, మా అత్తగారు నా నోటికి వేసిన ముడి నేనే విప్పుకున్నాను. ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తున్నది. అన్నం ముందు కూర్చుంటే ఆ పొట్లమే కనిపిస్తున్నది.

నీకు ఇంకా అర్థమై ఉండదు. ఈ పుస్తకాన్ని ఆ ఇంట్లో చదివి చెప్పేది నేను. మూడో భాగం ఎప్పుడు వస్తుందని దుల్హన్ పాషా నాలుగు వారాలుగా అడుగుతున్నది. ఇంకా రాలేదని చెప్తూ వచ్చాను. మొన్న పోస్టు పొట్లం వచ్చిందని బాలమ్మ అక్కడ అనేసింది. అత్త ముందు, ఆడపడుచు ముందు, దాసీల ముందు నేను నా నోటితో ఆ ప్రకరణం చెప్తే ఆమె ఇక ఆ ఇంట్లో తల ఎత్తుకోగలదా? ఆమె దగ్గర ఉన్నదే ఆ ఒక్క అబద్ధం. దాన్ని నా చేతులతో తీసి అచ్చు వేయించాను.

లక్ష్మీకాంతమ్మ


బెజవాడ
10 అక్టోబరు 1938

అక్కా,

నన్ను క్షమించు. నాకు ఇంత దూరం తోచలేదు. సోమశేఖరం కూడా మొహం మాడ్చుకున్నాడు, కానీ పేర్లన్నీ మార్చాను కదా, అక్కడ తెలుగు చదివేవాళ్ళు ఎవరుంటారు అంటున్నాడు. నువ్వే ఉన్నావని చెప్పినా వాడి తలకెక్కలేదు. ఆ ప్రకరణం వదిలేసి పదమూడు మొదలుపెట్టు. లేదా నీకు తోచింది ఏదైనా కల్పించి చెప్పు. వాళ్ళకెలా తెలుస్తుంది?

నీ ఉత్తరాలు ఇకమీదట ముందు వంటింట్లో చదువుకుంటాను, ఒట్టు.

నాగమణి


దబీర్‌పురా
21 అక్టోబరు 1938

నాగమణికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. అదీ తప్పే అయింది.

నిన్న బేస్తవారం పోయాను. అందరూ చుట్టూ చేరారు. రంజాను దగ్గర పడింది, ఉపవాసాల నెలలో కథలు వద్దని బేగం పాషా అన్నది, కాబట్టి పండగ దాకా ఇదే చివరి చదువు. పది ప్రకరణాలు ముందు వారాల్లోనే అయ్యాయి, పుస్తకం తెరిచి పదకొండోది ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పన్నెండోది వచ్చింది. కళ్ళు అచ్చు మీద పెట్టి, నోటికి వచ్చింది చెప్పడం మొదలుపెట్టాను. నవాబు వేటకు పోయాడన్నాను, పులి ఎదురైందన్నాను, గాయపడి భార్య పేరు పలవరించాడన్నాను. నా జన్మలో అంత అబద్ధం ఆడలేదు. సోమశేఖరం నా ముందు ఎందుకూ కొరగాడు. దాసీలు ముక్కులు చీదారు. ఆడపడుచు, "హాయ్ అల్లా, పాపం" అంది. లోపల నన్ను నేను తిట్టుకుంటున్నాను, పైకి పులి గర్జిస్తున్నది.

నమాజు వేళకు అందరూ లేచారు. బాలమ్మ మూట కడుతున్నది. దుల్హన్ పాషా, "బాలమ్మా, నువ్వు బయట కూసో" అని పంపించింది. తర్వాత నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"బాయీ, ఇంతసేపు పులి కథ చెప్పినవ్. ఒక్క పేజీ తిప్పలే."

నేను పుస్తకం మూయబోయాను.

"ఆ పేజీల ఏమున్నదో అది చదువు. పొల్లు పోవద్దు."

వద్దు పాషా అన్నాను. కాళ్ళు పట్టుకోబోయాను. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుని మళ్ళీ, "చదువు" అంది. చదివాను. హిమ్రూ అన్నాను, ఊదా అన్నాను, దుప్పటి అన్నాను. ఆమె గోడ వైపు చూస్తూ కూర్చుంది, ఏడవలేదు. ముసలి గద్ద దగ్గర నేను ఆగితే, "అది గూడ చదువు" అంది.

అంతా అయింది. తర్వాత, "ఊదా మొదటి యేడు. నిరుడు పచ్చది. వానికి అది తెల్వదు" అంది. నా చేతిలోని పుస్తకం మూసి, "దర్జీ ముచ్చట ఎన్నడు ఎవ్వరికి చెప్పలే బాయీ. నీకొక్కదానికే చెప్పిన" అంది.

నాగమణీ, ఆమె నన్ను కొట్టినా బాగుండేది. నేనంతా చెప్పుకున్నాను. నీ గురించి, మీ ఇంట్లో ఉత్తరాలు చదివే పద్ధతి గురించి, నా పాడు నోరు గురించి. విన్నదో లేదో తెలియదు. నేను లేస్తుంటే ఒకే మాట అడిగింది.

"నాలుగో భాగంల ఆయన వస్తడా?"

రాసేవాడిని అడుగుతానన్నాను. "అడుగు. రావాలె అని నేను చెప్పిన్నని చెప్పు" అంది.

కాబట్టి ఇది వంటింట్లో చదివినా, వీధిలో చదివినా సరే. సోమశేఖరానికి చెప్పు. నాలుగో భాగంలో నవాబు రావాలి. తాడు పట్టుకుని వస్తాడో, పల్లకిలో వస్తాడో, పులి మీద వస్తాడో వాడి ఇష్టం. నేను ఇంకేమీ అడగను.

నీ అక్క


బెజవాడ
12 నవంబరు 1938

అక్కకు,

మూడు వారాలు వాడి వెనక పడ్డాను. తిట్టాను, బతిమాలాను, అన్నం పెట్టనన్నాను. వాడు మాట వినడం లేదు. నాలుగో భాగంలో షిరీన్ బేగం అదే గుడ్డ కప్పుకుని చనిపోతుందట. రాసేశాడు, అచ్చుకు ఇచ్చేశాడు. వాడన్నది నీకు రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. "నవాబు ఎలా వస్తాడు వదినా? రాడని చెప్పింది పెద్ద వదినగారే కదా. అబద్ధం రాశానని ఛీకొట్టిందీ ఆవిడే. మళ్ళీ నన్ను అబద్ధాలు రాయమంటే ఎలా?" అన్నాడు.

వాడితో ఏమనాలో నువ్వే రాయి. కోడలు ఎలా ఉంది?

నాగమణి


దబీర్‌పురా
9 డిసెంబరు 1938

చిరంజీవి నాగమణికి అక్క దీవెనలు.

కోడలు బాగానే ఉంది. చింతకాయలు అడుగుతున్నది.

సోమశేఖరం అన్నది నిజమే. వాడిని ఏమీ అనకు. నాలుగో భాగం మాత్రం ఈ ఇంటికి పంపకు.

పండగకు పది రోజుల ముందు హిమ్రూలు తీసుకుపోయాను. ఎప్పటిలాగే పరిచాను. అత్తా, ఆడపడుచూ కూర్చున్నారు. దుల్హన్ పాషా ఒక్కదాన్నీ ముట్టలేదు. "ఈ యేడు ఒద్దు" అంది. బేగం పాషా పాన్ చుడుతున్న చెయ్యి ఆగింది. ఎందుకు అని అడగలేదు, కోడలి మొహం చూడలేదు. కాసేపటికి మళ్ళీ చుట్టుకుంది. ఆ ముసలామెకు పదకొండేళ్ళుగా అంతా తెలుసు, నాగమణీ. తెలిసే ప్రతి ఏడూ ఆ రంగు బాగుంది, ఈ రంగు బాగుంది అని చెప్పింది. నేను అచ్చు వేయించి చెడగొట్టింది ఒక్కరి అబద్ధం కాదు, ఇద్దరిది.

నేను గుడ్డలు మడుస్తుంటే దుల్హన్ పాషా, "ఇగ మూట తేకు. వేరే దుకాణపామె వస్తది. నువ్వు కితాబ్ పట్టుకొని రా" అంది. ఇరవై రెండేళ్ళ బేరం ఆ ఇంట్లో ఆ ఒక్క మాటతో అయిపోయింది. పండగ అయిన వారం నుంచి ఒట్టి చేతులతో పోతున్నాను. "గుడ్డ లేకుంట ఏం పనికి పోతవే అమ్మా?" అని వైకుంఠం అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను. చంకలో మూడో భాగం. పన్నెండో ప్రకరణం దగ్గర తెరుస్తాను. ఇప్పుడు పేజీలు సమయానికి తిప్పడం నేర్చుకున్నాను. పులి గాయం మానిపోయింది. నవాబు తిరుగుప్రయాణంలో ఉన్నాడు. ఇది పుస్తకంలో లేదని ఆమెకు తెలుసు. బహుశా అత్తగారికి కూడా తెలుసు. ఎవరూ అడగరు. చెప్పినంతసేపూ నా నాలుక మీద నాకే రోతగా ఉంటుంది. బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంటూ ఉమ్మేస్తాను. మళ్ళీ బేస్తవారం పోతాను.

నిన్న నవాబును దేవిడీ గేటు దాకా తెచ్చాను. నేను గబగబా లోపలికి తీసుకురాబోతే దుల్హన్ పాషా కళ్ళు మూసుకునే, "తొందరపెట్టకు బాయీ, గుర్రం దిగనియ్యి" అంది.

దించాను. అక్కడ ఆపి వచ్చాను. వచ్చే బేస్తవారం ఆయన మెట్లెక్కి ఆమె ఎదుటికి రావాలి, వచ్చి ఏదో ఒక మాట అనాలి. నిన్నటినుంచి ఆలోచిస్తున్నాను, ఏమనాలో తోచడం లేదు. ఇరవై రెండేళ్ళు ఆ ఇళ్ళన్నీ తిరిగాను గానీ, ఒక్క నవాబైనా తన భార్యతో మాట్లాడగా నేను వినలేదు. నీకేమైనా తోస్తే రాయి. సోమశేఖరాన్ని అడగకు.

నీ అక్క
లక్ష్మీకాంతమ్మ